అవ్వ బొమ్మకు పారిస్ పద్ధతి: నల్లగొండలో నా అనుభవం

నల్లగొండలో ముఖచిత్రం అంటే ఫొటో తెచ్చి చేతిలో పెట్టడమే. అదీ ఎక్కువగా మనిషి పోయినంక, దినాల నాటికి కావాలని. ఆధార్ కార్డు మీది ఫొటో, లేదంటే పెండ్లి ఆల్బంలో ఓ మూలకు నిలబడ్డ ఫొటో. ఫ్లాష్ కొట్టిన ఫొటోలో ముఖం చదునుగా ఉంటుంది. నీడే లేని చోట ముక్కు ఎత్తు ఎంతో ఊహించి గీయాలి. ఈసారి వచ్చిన పని వేరు: బతికున్న మనిషి, ఎనభై దాటిన నేతింటి అవ్వ, ఎదురుగా కూర్చుంటుంది. భుజాల మీద పుట్టపాక తేలియా రుమాల్ (నూనెలో నానబెట్టిన పోగులకు రంగులద్ది నేసే బట్ట) కప్పుకుని ఉండాలి. కాన్వాసు 20×24 అంగుళాలు, ఆయిల్ రంగులు.

ఈ పనికి పాతకాలపు ఫ్రెంచి చిత్రకారిణి ఎలిజబెత్ విజే లెబ్రన్ రాసిపెట్టిన సూచనలు పట్టుకున్నాను. తన జ్ఞాపకాలతో పాటు, బొమ్మలు నేర్చుకుంటున్న తమ ఇంటి పిల్ల కోసం ముఖచిత్రం ఎలా చేయాలో ఆమె కొన్ని పేజీలు రాసింది. అందులో ఏది మన దగ్గర పనిచేసిందో, ఏది చేయలేదో వరుసగా రాస్తున్నాను.

ముందు ఈమే ఎందుకో చెప్పాలి. 1755లో పారిస్‌లో పుట్టింది. తండ్రి లూయీ విజే పాస్టెల్ రంగులతో ముఖాలు గీసేవాడు. ఆమెకు 12 ఏళ్లప్పుడు పోయాడు. ఆ తర్వాత కొన్నేళ్లకే ఇంటికి ఆమె సంపాదన ఆసరా అయింది. అనుమతి లేకుండా బొమ్మలు వేస్తున్నదని సామాను జప్తు చేస్తే, 1774లో సెయింట్ లూక్ అకాడమీ అనే చిత్రకారుల సంఘంలో చేరింది. 1776లో బొమ్మల వ్యాపారి లెబ్రన్‌ను పెండ్లాడింది. ఆమె సంపాదన అతని జూదానికి పోయేది. 1778 నుంచి ఫ్రాన్స్ రాణి మేరీ ఆంత్వనెత్ బొమ్మలు వేసింది, మొత్తం దాదాపు 30. 1783 మే 31న రాజుగారి అకాడమీలోకి తీసుకున్నారు, అదీ రాజదంపతులు కల్పించుకుంటే. మొగుడు వ్యాపారి కాబట్టి కుదరదని అకాడమీ వాళ్లు అడ్డుపెట్టారు.

1789 అక్టోబరులో, ఫ్రెంచి విప్లవం నడుస్తుండగా, గుంపు రాజదంపతులను వెర్సాయ్ నుంచి పారిస్‌కు పట్టుకొచ్చిన రాత్రే ఆమె మామూలు పనిమనిషి వేషంలో, కూతురు జూలీని తీసుకుని, అందరూ ఎక్కే గుర్రబ్బండిలో ఊరు దాటింది. రోమ్, నేపుల్స్, వియన్నా, 1795 నుంచి 1801 దాకా సెయింట్ పీటర్స్‌బర్గ్. 1792లో దేశం విడిచినవాళ్ల జాబితాలో పేరెక్కించి పౌరసత్వం తీసేశారు. 1794లో భర్త విడాకులు తీసుకున్నాడు. 255 మంది కళాకారులు, రచయితలు, శాస్త్రజ్ఞులు సంతకాలు పెట్టి అర్జీ ఇస్తే ఆ జాబితాలోంచి పేరు తీసేశారు, 1802లో తిరిగొచ్చింది. తర్వాత మళ్లీ కొన్నేళ్లు లండన్. 1842లో పోయేనాటికి తాను రాసుకున్న లెక్కలో 600 పైచిలుకు ముఖచిత్రాలున్నాయి.

అంటే 12 ఏళ్లు తనది కాని ఊర్లో, తనది కాని గదిలో, కొత్త మనుషులను కూర్చోబెట్టి బొమ్మ వేసిన మనిషి. సొంత స్టూడియో ఉన్న పెద్ద చిత్రకారుల సలహాలు మనకు సగం పనికిరావు. ఇంటింటికీ ఈజిల్ మోసుకుపోయే మనకు ఈమె సలహాలు సరిగ్గా అతుకుతాయి. ఆమె దగ్గర ఇంకో తెలివి కూడా ఉంది. నేపుల్స్‌లో ఎమ్మా హామిల్టన్ అనే ఆమెను కూర్చోబెట్టి వేసిన సిబిల్ (పాతకాలపు జోస్యురాలు) బొమ్మను అమ్మకుండా ఊరూరా వెంట తిప్పింది. కొత్త ఊరికి పోగానే అది గోడకు పెడితే జనం చూడవస్తారు, వాళ్లలోనే గిరాకీ దొరుకుతుంది. మన సైన్‌బోర్డు ఆర్టిస్టులు షాపు ముందర ఎన్టీఆర్ బొమ్మ పెట్టుకున్నట్టే.

ఇక గది. ఉత్తరం కిటికీ వెలుతురు మంచిదని ఎవరైనా చెప్తారు, ఎందుకంటే ఎండ నేరుగా పడదు, గంటలకొద్దీ నీడలు కదలవు. ఈ మాట పారిస్‌కు నిజం, అది 49 డిగ్రీల అక్షాంశానికి దగ్గర. నల్లగొండ 17 డిగ్రీల దగ్గరుంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి ఉత్తరం వైపే ఉంటాడు. పొద్దున, సాయంత్రం అయితే ఉగాది ముందు నుంచి దసరా దగ్గర దాకా ఉత్తరం గోడ మీదికి ఏటవాలుగా ఎండ వస్తుంది. ఇది తెలియక జూన్‌లో ఉత్తరం కిటికీ నమ్ముకుంటే ఏడున్నరకు చెంప మీద ఎండపట్టీ, తొమ్మిదికి అది మాయం. రెండు వెలుతుర్లు కలిసిన ముఖం వస్తుంది. అందుకే ఈ పని జనవరి చివర మొదలుపెట్టి శివరాత్రి లోపల నాలుగు సిట్టింగులూ ముగించాను. ఎండాకాలంలోనే చేయక తప్పకపోతే కిటికీకి తెల్ల పంచె రెండు మడతలు కట్టాలి. ఒక్క మడత చాలదు.

కిటికీ మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. కింది సగానికి అట్టపెట్టె చింపి అడ్డం పెట్టాను. వెలుతురు పైనుంచి ఏటవాలుగా దిగితేనే కనుగుంటల నీడ, ముక్కు కింది నీడ, దవడ కింది నీడ మూడూ ఒకే దిక్కుకు పడతాయి. ఎదురుగోడ లేత ఆకుపచ్చ సున్నం. దాని ఛాయ చెంప మీదికి కొడుతుందని అవ్వకు అటువైపు గోధుమరంగు దుప్పటి వేలాడదీశాను. ట్యూబులైటు ఆర్పేయాలి. ఇంటివాళ్లు చీకటిగా ఉందని మళ్లీ మళ్లీ వేస్తారు. స్విచ్ మీద టేపు అతికించడమే మార్గం.

కూర్చునేవాళ్లు మనకన్నా కొంచెం ఎత్తులో, హాయిగా, కాళ్ల కింద ఆసరాతో ఉండాలని ఆమె సూచన. మామూలు కుర్చీలో కూర్చుంటే, నిలబడి గీసేవాడికి మనిషి నెత్తి ఎక్కువ, గదవ తక్కువ కనిపిస్తుంది. పది అంగుళాల చెక్క దిమ్మె మీద చేతుల కుర్చీ వేసి, అవ్వ కాళ్ల కింద పీట పెట్టాను. కాళ్లు వేలాడితే పావుగంటకే నడుం జారుతుంది, నడుం జారితే మెడ ముందుకొస్తుంది. కుర్చీ కాళ్ల చుట్టూ, పీట చుట్టూ సుద్దతో గీతలు గీసుకోవాలి. అవ్వ చూడాల్సిన చోట గోడ మీద ఎర్ర స్టిక్కర్ బొట్టు అతికించాను.

దూరం గురించి ఆమె గట్టిగానే చెప్పింది: వీలైనంత వెనక్కి ఉండాలి, కొలతలు సరిగ్గా దొరికేది అప్పుడే. నేను ఎనిమిది అడుగులు పెట్టాను. మూడు నాలుగు అడుగుల నుంచి గీస్తే సెల్‌ఫోన్ సెల్ఫీలో లాగే ముక్కు పెద్దది, చెవులు చిన్నవి అవుతాయి. ఇంకొకటి, వెనకాల అద్దం. మన వీపు వెనక నిలువుటద్దం పెడితే, తిరిగి చూసినప్పుడు మనిషీ బొమ్మా రెండూ పక్కపక్కన తిరగబడి కనిపిస్తాయి. అలవాటు పడ్డ కన్ను తప్పులను దాస్తుంది; తిరగబడగానే బయటపడతాయి. రెండో సిట్టింగులో ఎడమ కన్ను పావు అంగుళం పైకి పోయిన సంగతి నాకు అద్దంలోనే తెలిసింది. ఈ సూచనల్లో ఒక్కటే తీసుకోవాలంటే ఈ అద్దమే తీసుకోండి.

కాన్వాసు పని క్లుప్తంగా చెప్తాను. రెడీమేడ్ కాటన్ కాన్వాసు మీద కంపెనీ పూత పలుచగా ఉంటుంది, నూనె గుడ్డలోకి దిగుతుంది. దాని మీద మళ్లీ మూడు పూతల గెస్సో, అంటే రంగు కింద వేసే తెల్లపూత. మొదటిది అయిదో వంతు నీళ్లతో, అడ్డంగా, రెండోది నిలువుగా, మూడోది మళ్లీ అడ్డంగా. పూతకూ పూతకూ రెండు గంటలు, ఆఖరున 220 నంబరు గరుకు కాగితంతో రుద్దుడు. ముఖానికి నున్నటి నేల కావాలి. పాత చిత్రకారుడు రూబెన్స్ చెక్క మీద వేసిన, టోపీ పెట్టుకున్న ఆడమనిషి బొమ్మను 1781 ప్రయాణంలో చూసి వచ్చాక విజే లెబ్రన్ కూడా అలాగే టోపీతో తన బొమ్మ వేసుకుంది. వెనకనుంచి వెలుతురు వచ్చినట్టుండే ఆ చర్మానికి నున్నటి తెల్లనేల, దాని మీద పల్చని పొరలే కారణం. గెస్సో ఆరాక రా అంబర్ (మట్టి గోధుమరంగు)లో కొద్దిగా ఎల్లో ఓకర్ (పసుపు మట్టిరంగు) కలిపి, టర్పెంటైన్‌తో నీళ్లలా పల్చన చేసి, పాత బనీను గుడ్డతో రుద్దాను. రెండు రోజులు ఆరాలి. తెల్ల కాన్వాసు మీద నేరుగా మొదలుపెడితే ప్రతి రంగూ ముదురుగా కనిపించి మొత్తం బొమ్మ తెల్లబారిపోతుంది.

కొలత: పై అంచు నుంచి నాలుగు అంగుళాలు వదిలి తల. నడినెత్తి నుంచి గదవ దాకా ఏడున్నర. అసలు తల తొమ్మిది దాకా ఉంటుంది. అంతే సైజు గీస్తే గోడ మీద మనిషి మనకన్నా పెద్దగా, మీదికి వస్తున్నట్టు కనిపిస్తుంది. కళ్లు పై అంచు నుంచి ఏడు ముప్పావు దగ్గర పడ్డాయి. అవ్వకు పైపళ్లు నాలుగే మిగిలాయి కాబట్టి ముక్కుకూ గదవకూ మధ్య దూరం పుస్తకాల లెక్క కన్నా తగ్గింది. లెక్క ప్రకారం గీస్తే యాభై ఏళ్ల మనిషి వస్తుంది.

ముఖానికి మూడు నాలుగు సిట్టింగులు చాలని, ఒక్కోటి గంటన్నర, మరీ అయితే రెండు గంటలని ఆమె లెక్క. ఆపైన మనిషికి విసుగొస్తుంది, విసుగొస్తే ముఖం మారిపోతుంది. మనిషి రావడానికి అరగంట ముందే మనం సిద్ధంగా ఉండాలి, రంగులు కలిపి పెట్టుకుని. అవ్వకు పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది. ఇరవై నిమిషాలకోసారి లేపి నడిపించాను. అన్నం తిన్నాక కూర్చోబెడితే కనురెప్పలు దిగుతాయి. చాయ్ తాగాక కూర్చుంటే ఆకు వక్క అడుగుతుంది, దవడ ఆగదు.

ఇక్కడే ఆమె సలహా ఒకటి తిరగబడింది. ఆడవాళ్లు కూర్చున్నప్పుడు అందంగా ఉన్నావని, నిగారింపు బాగుందని పొగుడుతుండాలి, ఆ సంతోషంతో కుదురుగా కూర్చుంటారు అంటుంది. "ముఖం మంచిగ కళకళలాడుతుంది అవ్వా" అన్నానో లేదో, "దిష్టి బెడ్తున్నవా బిడ్డా" అని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ముఖాన్ని పొగడొద్దు, పనిని అడగాలి. పోగు ఎట్ల కట్టేది, నూనెల ఎన్ని రోజులు నానబెట్టేది అని అడిగితే కళ్లు వెలిగాయి, మెడ నిటారుగా నిలిచింది. పొగడ్త వెనక ఆమెకున్న ఉద్దేశం సరైనదే, మన దగ్గర దారి వేరు. చుట్టూ చేరినవాళ్ల మాటలు చేయి చెడగొడతాయన్నది మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే. మనుమడు, కోడలు, పక్కింటామె తలా ఓ మాట: "ముక్కు గట్ల లేదు సార్." మొదటి సిట్టింగులో ఎవరి ముక్కూ అట్ల ఉండదు. రెండు సిట్టింగుల దాకా బొమ్మను ఎవరికీ చూపనని ముందే ఒప్పించుకోవాలి.

సిట్టింగుల పని ఇట్లా పంచుకున్నాను. మొదటిరోజు బొగ్గుపుల్లతో గీత, దాని మీద పల్చని రా అంబర్‌తో నీడలు మాత్రమే. వెలుతురు భాగాలు గుడ్డతో తుడిచేయడం. నాలుగు రోజుల తర్వాత రెండోది, ముఖమంతా మొదటి రంగు. వారానికి మూడోది: కళ్లు, నోరు, నడిమి ఛాయలు. ఇంకో పది రోజులకు నాలుగోది, పల్చని పారదర్శక పొరలు, కంటి మెరుపు. అంబర్‌లో మాంగనీస్ ఉంటుంది కాబట్టి రెండు రోజుల్లో ఆరుతుంది, అందుకే కింది పొరకు అదే. అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు), ఐవరీ బ్లాక్ (నలుపు) వారం పది రోజులు తడిగానే ఉంటాయి. వాటిని కింద వాడి పైన తొందరగా ఆరే రంగు వేస్తే పైపొర పగులుతుంది. నూనె లెక్కా అంతే. కింద వట్టి టర్పెంటైన్, నడుమ టర్పెంటైన్, అవిసె నూనె సగం సగం, పైన రెండు పాళ్ల నూనెకు ఒక పాలు టర్పెంటైన్. ఈ వరుస తలకిందులైతే ఏడాది రెండేళ్లలో చెంప మీద బీటలు వస్తాయి, నల్లరేగడి ఎండినట్టు.

చర్మం దగ్గర ఆమె రంగులు అస్సలు పనికిరావు. ఆమె కూర్చోబెట్టిన వాళ్లు తెల్లటివాళ్లు: తెలుపు, ఇంగిలీకం ఎరుపు, ఓకర్, పల్చని నీలి నడిమి ఛాయలు. ఆ తెలుపు కూడా సీసం తెలుపు, విషం. మనం వాడే టైటానియం తెలుపుకు కప్పే గుణం చాలా ఎక్కువ. ఆమె పాళ్లలో వేస్తే సున్నం కొట్టినట్టే. చామనఛాయ ముఖాన్ని వెలిగించాలని తెలుపు కలిపితే ఒంటికి బూడిద పూసినట్టు అవుతుంది. ఊరి ఆర్టిస్టుల బొమ్మల్లో నూటికి తొంభై చెడిపోయేది ఇక్కడే.

నేను కట్టుకున్న పాళ్లు ఇవి. మొదటి రంగు: ఎల్లో ఓకర్ రెండు పాళ్లు, బర్న్ట్ సియెనా (ఎర్రగోధుమ రంగు) రెండు, అల్ట్రామెరైన్ (నీలం) అర, తెలుపు అరకన్నా తక్కువ. మొత్తం ముఖానికి తెలుపు పెసరగింజలంత కొలతలో లెక్కపెట్టి తీశాను. వెలుతురు పడే చెంపకు తెలుపు పెంచకుండా ఓకర్ పెంచి, కాడ్మియం రెడ్ సూదిమొనంత. నీడకు నలుపు వద్దు. బర్న్ట్ సియెనా, అల్ట్రామెరైన్ కలిపి పల్చగా, కింది నేల కనపడేటట్టు. అసలు కిటుకు మెరుపులో ఉంది. ముదురు చర్మం మీద మెరుపు చర్మం రంగు కాదు, కిటికీలోంచి కనిపించే ఆకాశం రంగు. నుదుటి ఎత్తు మీద, చెక్కిలి ఎముక మీద, ముక్కు దూలం మీద తెలుపులో అల్ట్రామెరైన్ ఛాయ కలిపి చల్లగా పెట్టాలి. అక్కడ పసుపుగా పెడితే చెమట పట్టినట్టు కాదు, నూనె కారినట్టు ఉంటుంది. దవడ కింద రుమాల్ ఎరుపు ఎగదన్నుతుంది. అది వదలొద్దు, ముఖాన్నీ బట్టనూ కలిపేది అదే.

ముదురు చాయ మనిషిని విజే లెబ్రన్ గీయలేదని కాదు. 1788లో టిప్పు సుల్తాన్ పంపిన రాయబారులు పారిస్ వచ్చినప్పుడు వాళ్లలో ముహమ్మద్ దర్వేష్ ఖాన్‌ను నిలువెత్తు గీసింది. వాళ్ల బసకు పోయి, గులాబీ నీళ్లు చేతుల మీద పోయించుకుని, కింద కూర్చుని తిన్న సంగతీ రాసుకుంది. బొమ్మ అయ్యాక ఖాన్ ఇవ్వనని మంచం వెనక దాచేస్తే, అతని నౌకరు చేతనే బయటికి తెప్పించుకుంది. ఆ బొమ్మ 2019లో న్యూయార్క్ వేలంలో 70 లక్షల డాలర్లు దాటింది. దాంట్లో ముఖం తెల్లబరచలేదు. బంగారు పూల తెల్ల మస్లిన్ అంగరఖాను వెలిగించి, దాని పక్కన ముఖాన్ని దాని లోతులోనే ఉంచేసింది. నేను తీసుకున్నది అదే: వెలుతురు కావాలంటే ముఖంలో కాదు, పక్కన వెతుక్కోవాలి. అవ్వ తల వెనక నేపథ్యాన్ని ఒక మెట్టు ముదురు చేయగానే ముఖం తనంతట తానే పైకి లేచింది. "జర తెల్లగ జెయ్యరాదు సార్" అని అడిగిన మనుమడు తర్వాత మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

నోరు. కూతుర్ని ఒళ్లో పెట్టుకుని వేసుకున్న తన బొమ్మను విజే లెబ్రన్ 1787లో ప్రదర్శనకు పెట్టినప్పుడు, పెదవుల మధ్య పళ్లు కొంచెం కనపడేలా వేసిందని పారిస్‌లో గోల చేశారు, మర్యాదస్తులు పళ్లు చూపించరట. మా జిల్లాలో ఆ గోల వేరేరకం. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో పెరిగినవాళ్లు గోధుమ చారల పళ్లు కనపడకుండా పెదవులు బిగించి కూర్చుంటారు. ఆ బిగింపు గీశామా, మనిషి కోపంగా ఉన్నట్టే వస్తుంది. అవ్వవి ఫ్లోరైడ్ చారలు కాదు, తాంబూలం ఎరుపు. అయినా బిగింపు అదే. చేయాల్సింది ఇది: నోరు మొత్తం కూర్చోబెట్టి గీయొద్దు. మాట్లాడించి, మాట ఆగిన మరుక్షణం పెదవులు వదులుగా ఉంటాయి, అప్పుడు రెండు మూలలు మాత్రం పట్టుకోవాలి. నవ్వు మూలల్లోనే ఉంటుంది. పళ్లు కనిపిస్తే ఒక్కొక్క పన్నుకూ గీత పెట్టొద్దు. ఓకర్ కలిసిన బూడిదరంగు ఒకే ముద్దగా. కంటి తెలుపు కన్నా ఒక మెట్టు తక్కువ. కంటి తెలుపు కూడా తెలుపు కాదు. అవ్వకు అది పల్చని మట్టిరంగు, మూల దగ్గర కొంచెం ఎరుపు.

రుమాల్‌కు అవ్వ అక్కర్లేదు. స్టూలు మీద బిందె బోర్లించి, చుట్టూ దిండు కట్టి, దాని మీద అదే మడతలతో వేసి మూడు రోజులు గీశాను. తేలియా రుమాల్ ఎరుపు, నలుపు, తెలుపు మూడే రంగులు. పడుగూ పేకా రెండూ కట్టి అద్దినవి, కాబట్టి ప్రతి డబ్బా (డిజైన్‌లోని గడి) అంచు రెండు దిక్కులా ఈకలాగా చెదిరి ఉంటుంది. చిటికి పని (ఇట్లా పోగు కట్టి అద్దే పని) తెలిసినవాళ్లు ముందు చూసేది ఆ అంచే. చేయకూడనిది ముందు డిజైన్ వేసి తర్వాత నీడ కొట్టడం. కాగితం అతికించినట్టు ఉంటుంది. ముందు మడతలు మాత్రమే, ఎర్రమట్టి రంగులో మూడు మెట్ల నీడతో. నాలుగు రోజులు ఆరాక డబ్బాలు, మడత దిగే చోట సన్నబడుతూ, లోపలికి పోయే చోట తెగిపోతూ. రంగు తడిగా ఉన్నప్పుడే పొడి కుంచె, పావు అంగుళం చదునుది, పేక దిక్కుకు ఒకసారి, పడుగు దిక్కుకు ఒకసారి ఆనీ ఆననట్టు లాగితే ఈక వస్తుంది. రెండు మూడు లాగుడులకు కుంచె తుడవాలి, లేకుంటే ఎరుపు తెలుపులోకి పారుతుంది. నలుపులో సగం బర్న్ట్ అంబర్ కలిపాను, ఆరడానికి. భుజం మీద డబ్బాలన్నీ లెక్కపెట్టి గీయొద్దు. వెలుతురు పడే చోట పన్నెండు స్పష్టంగా ఉంటే మిగతావి కన్ను పూర్తిచేసుకుంటుంది.

ఇంటివాళ్ల మార్పులకు సిద్ధపడాలి. రష్యాలో విజే లెబ్రన్ మహారాణి కేథరీన్ మనుమరాళ్లకు చేతులు బయటికి కనపడేలా వేస్తే, మహారాణికి నచ్చలేదని పొడుగు చేతుల బట్టలు తొడిగి, బొమ్మ చెడిందని బాధపడింది. 1807లో నెపోలియన్ చెల్లెలు కెరొలిన్ ముర్రా ఆలస్యంగా వచ్చి, వచ్చినప్పుడల్లా జడ మార్చి వేధించింది. అవ్వ కూడా తక్కువేం కాదు. మూడో సిట్టింగుకు కోడలు నల్లరంగు వేయించి తీసుకొచ్చింది, బొమ్మలో పడుతుందని. తెల్లజుట్టు రెండో సిట్టింగులోనే అయిపోయింది కాబట్టి బతికిపోయాను. అప్పటి నుంచి జుట్టు, బట్ట, నగలు మొదటిరోజే సెల్‌ఫోన్‌లో మూడువైపులా తీసి పెట్టుకుంటున్నాను, ఇంటివాళ్లకూ అదే ఫొటో ఇచ్చి ఇట్లనే రావాలని చెప్తున్నాను. నగలు చేర్చమంటే మూడో పొర లోపలే చెప్పాలి. తర్వాత వేసిన కాసులపేరు మెడ మీద ఆనదు, గాలిలో తేలుతుంది.

ఆఖరి తిప్పలు. నాలుగో సిట్టింగు తర్వాత దవడ నీడ, రుమాల్ నలుపు మెరుపు పోయి మాసినట్టయ్యాయి. కింది పొర నూనె తాగేసింది. రంగు సరిపోలేదని మళ్లీ ముదురు చేయొద్దు. ముట్టుకుంటే అంటుకోనంత ఆరాక అవిసె నూనె నాలుగు చుక్కలు అరచేత్తో రుద్ది, అయిదు నిమిషాలకు గుడ్డతో తుడిచేస్తే అసలు రంగు తిరిగొస్తుంది. మిగిలిన జిడ్డు తుడవకపోతే అదే తర్వాత పసుపవుతుంది. ఆరబెట్టడానికి ఎండలో పెట్టొద్దు. పైపొర చర్మంలా గట్టిపడి కింద మెత్తగా ఉండి ముడతలు పడుతుంది. దుమ్ము పడకుండా బొమ్మను గోడవైపు తిప్పి వాలుగా ఆనించాలి. తడి బొమ్మను బస్సులో తీసుకుపోవాల్సి వస్తే అదే సైజు ఖాళీ కాన్వాసు ఎదురుబొదురు పెట్టి, నాలుగు మూలలా సీసా బిరడాలు ఇరికించి దారం కట్టాలి. పెద్ద బొమ్మ చుట్టాల్సి వస్తే రంగు బయటికి ఉండేటట్టు, లావు గొట్టం మీద. లోపలికి చుడితే రంగు నలిగి విప్పేటప్పుడు లేస్తుంది.

ఖర్చయిన రంగు: తెలుపు 40 మిల్లీలీటర్ల ట్యూబులో సగం, దాంట్లో ముఖానికి పదో వంతు కూడా పోలేదు, బర్న్ట్ సియెనా 20 మిల్లీలీటర్ల ట్యూబు ఒకటి, అలిజరిన్ ముప్పావు, మిగతావి తలా కొంచెం. సిట్టింగులు ఆరు గంటలు, అవ్వ లేకుండా దాదాపు ఇరవై అయిదు గంటలు.

వార్నిష్ ఇప్పుడే వేయలేదు. ఆరు నెలలు ఆగాలి, రుమాల్ ఎరుపు మందంగా ఉంది కాబట్టి దసరా దాటనిస్తే మంచిది. ఇచ్చేటప్పుడు కోడలికి మూడు మాటలు చెప్పాను: దేవుడి అలమర పక్కన వద్దు, అగరబత్తి పొగ అంటుకుంటది; తడిగుడ్డతో తుడవద్దు; పండుగకు బొమ్మ నుదుట కుంకుమ పెట్టొద్దు, రంగు ఇంకా పచ్చిదే, అంటుకుంటే రాదు. దండ సంగతి నేను ఎత్తలేదు. అవ్వే అడ్డుపడ్డది: "దండ గిండ ఎయ్యకుండ్రి, నేనింకా ఈడనే ఉన్న."